ఆ ఉద్యోగం మానేయవచ్చా?

విదేశంలో ఉద్యోగం అనగానే మన ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న జీతం ఎంత అని. రెండోది, ఏజెంటుకో కన్సల్టెన్సీకో యూనివర్సిటీకో ఎంత కట్టాలని. మూడోది, అక్కడ మనవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. మూడూ అడగవలసినవే. వీటన్నిటికంటే ముందు అడగవలసింది ఇంకొకటుంది, దాన్ని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఆ ఉద్యోగం నచ్చకపోతే మానేసి, అదే దేశంలో మరో యజమాని దగ్గర చేరవచ్చా? పరాయి దేశంలో పనిచేసే మనిషి బతుకు ఎలా సాగుతుందన్నది అతని చదువు కంటే, పనితనం కంటే, ఒక్కోసారి ఆ దేశపు సంపద కంటే కూడా ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఎక్కువ ఆధారపడుతుందని నా వాదన. జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లే తాపీపనివాడికీ, గుంటూరు నుంచి డాలస్ వెళ్లే సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకూ ఇది వర్తిస్తుంది. ఇద్దరినీ ఒకే వాక్యంలో పెట్టడం కొందరికి వింతగా తోచవచ్చు. వీసా చట్టం దగ్గరికి వచ్చేసరికి వాళ్లు అనుకున్నంత దూరపువాళ్లు కారు.

హైదరాబాదులో ఒక కంపెనీలో పనిచేసే మనిషికి జీతం పెంచకపోతే అతను మరో కంపెనీ గుమ్మం తొక్కుతాడు. నిజంగా వెళ్లకపోయినా, వెళ్లగలడని యజమానికి తెలుసు. అది తెలిసి ఉండటమే అతని జీతాన్ని కాపాడుతుంది, సెలవు అడిగినప్పుడు అతని మాటకు విలువ తెస్తుంది, పై అధికారి నోటిని కాస్త అదుపులో పెడుతుంది. పరాయి దేశంలో పని అనుమతి పత్రం మీద ఒకే యజమాని పేరు ఉన్నప్పుడు ఈ లెక్క తలకిందులవుతుంది. ఉద్యోగం పోతే జీతంతో పాటు ఆ దేశంలో ఉండే హక్కు, పిల్లల బడి, ఇంటి అద్దె, తీర్చవలసిన అప్పు అన్నీ ఒక్కసారే కదులుతాయి. ఆ సంగతి ఉద్యోగి కంటే యజమానికే బాగా తెలుసు. మంచి యజమాని దాన్ని వాడుకోకపోవచ్చు. పలుపు వేసిన పశువుకు పచ్చగడ్డే దొరకవచ్చు కూడా. ఎంత మేర మేయాలన్నది మాత్రం తాడు పొడవే తేలుస్తుంది.

ఈ కట్టు మనకు కొత్తదేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి 1930ల దాకా కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి స్టీమర్లెక్కి రంగూన్ వెళ్లిన తెలుగు కూలీలు వేలకు వేలు. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్లలో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లలో, రిక్షాలు లాగినవాళ్లలో వాళ్ల సంఖ్య పెద్దది. కోరంగి రేవు పేరు మీద వాళ్లందరినీ అక్కడివాళ్లు కోరంగీలనే పిలిచేవారు. ప్రయాణపు ఖర్చూ, ఇంట్లో ఇచ్చి వెళ్లడానికి కొంత అడ్వాన్సూ కూలీలను కూడగట్టే మేస్త్రీ ఇచ్చేవాడు. మిల్లు యజమాని కూలి డబ్బు ఆ మేస్త్రీ చేతికే ఇచ్చేవాడు. అతను తన వాటా, తన బాకీ పట్టుకుని మిగిలింది పంచేవాడు. అడ్వాన్సు తీరకముందే పని వదిలేస్తే అది ఉత్త బాకీ ఎగవేతగా పోయేది కాదు, నేరమయ్యేది. అడ్వాన్సు పుచ్చుకుని పని మానేసిన కూలీని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి జైలుకు పంపించే వీలు 1859 నాటి చట్టం ఒకటి కల్పించింది. 1925లో గానీ దాన్ని రద్దు చేయలేదు. మారిషస్, నటాల్, ఫిజీ తోటలకు ఐదేళ్ల ఒప్పందం మీద వెళ్లినవాళ్ల సంగతి ఇంకా కఠినం. అక్కడ అనుమతి లేకుండా తోట దాటి వెళ్లడమే శిక్షకు కారణం. రంగూన్‌లో కూలి రేటు మన కోస్తా జిల్లాల కంటే ఎక్కువే. అది చూసే జనం ఓడ ఎక్కారు. ఆ ఎక్కువలో ఎంత కూలీ చేతికి వచ్చిందీ, ఎంత మేస్త్రీ పద్దులో ఆగిపోయిందీ అన్నది వేరే లెక్క.

మేస్త్రీ స్థానంలోకి గల్ఫ్‌లో కఫీల్ వచ్చాడు. విదేశీ కార్మికుడికి స్థానికుడొకరు పూచీ పడే కఫాలా అనే ఆ పద్ధతిలో ఆకామా, అంటే నివాస అనుమతి, తీసేదీ, పొడిగించేదీ, రద్దు చేసేదీ అతనే. చాలాకాలం పాటు ఉద్యోగం మారాలంటే అభ్యంతరం లేదని అతనిచ్చే పత్రం, ఎన్ఓసీ, కావాలి, కొన్ని దేశాల్లో ఇంటికి రావాలన్నా అతను ఎగ్జిట్ పర్మిట్ ఇవ్వాలి. చెప్పకుండా బయటికి వెళ్తే పారిపోయాడని కేసు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో ఖల్లివల్లి అన్న మాట తెలియని ఇల్లు అరుదు. కఫీల్‌ను వదిలేసి, కాగితాలు లేకుండా, దొరికిన పని చేసుకుంటూ దాక్కుని బతికేవాళ్లకు ఆ పేరు. అక్కడి ప్రభుత్వాలు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఇంటికి రావడానికి ఔట్‌పాస్ కోసం మన ఎంబసీల ముందు వరుసకట్టేది వీళ్లే. వీళ్లను పని తప్పించుకున్నవాళ్లుగా చూడటం పొరపాటు. చాలామంది అదే ఊళ్లో, అదే పనిని, కాస్త ఎక్కువ కూలికి మరొకరి దగ్గర చేస్తున్నవాళ్లు. ఆజాద్ వీసా సంగతి మరీ ఆసక్తికరం. తనకు ఏ పనీ ఇవ్వని కఫీల్ పేరు మీద వీసా కొనుక్కుని, ఏటా అతనికి ఇంత అని ముట్టజెప్పి, బయట ఎక్కడ పని దొరికితే అక్కడ చేసుకోవడం ఇది. చట్టప్రకారం తప్పు, పట్టుబడితే నష్టపోయేది ఎక్కువగా కార్మికుడే. మామూలు కంపెనీ వీసా కంటే ఖర్చు కూడా ఎక్కువ. అయినా కొంటారు. యజమానిని మార్చుకునే స్వేచ్ఛకు విలువ ఎంతో చెప్పడానికి ఆర్థికవేత్తలు సమీకరణాలు రాస్తారు. ఆజాద్ వీసా కొన్న మనిషి అప్పు చేసి మరీ దానికి రూపాయల్లో ధర కట్టాడు.

సమీకరణాలు రాసినవాళ్ల మాట కూడా వినాలి. యూఏఈలో 2011కు ముందు ఒప్పందం ముగిసిన కార్మికుడు సైతం పాత యజమాని ఎన్ఓసీ లేకుండా కొత్త చోట చేరలేకపోయేవాడు. ఆ ఏడాది జనవరి నుంచి, ఒప్పందం పూర్తిచేసినవాళ్లకు ఆ షరతు ఎత్తేశారు. దాని ఫలితాన్ని సురేశ్ నాయుడు, యా న్యార్కో, షింగ్-యీ వాంగ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు జీతాల రికార్డులు పెట్టి పరిశీలించి, 2016లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో ప్రచురించారు. అప్పటికే అక్కడ ఉన్న కార్మికుల ఆదాయం పెరిగింది. ఇది ఊహించగలిగిందే. ఊహకు అందనిది రెండోది: తలుపు తెరిచాక కంపెనీలు మారినవాళ్లు పెరిగారు, అయినా పాత కంపెనీలోనే కొనసాగినవాళ్ల శాతం కూడా పెరిగింది. ఇదెలా సాధ్యమంటే, అంతకుముందు ఒప్పందం అయిపోగానే దేశమే వదిలి ఇంటికి వచ్చేసినవాళ్లు ఇప్పుడు అక్కడే ఆగారు. పోతాడేమోనన్న భయంతో యజమాని జీతం పెంచాడు, పెరిగాక కార్మికుడు పోలేదు. ఉద్యోగాలు తరచూ మారేవాడు ఎక్కడా స్థిరపడడు కదా అని పెద్దలు అంటూంటారు. నిజమే కావచ్చు. మారే హక్కు ఉండటానికీ, ఊరికే మారుతూ ఉండటానికీ మధ్య ఉన్న తేడా ఈ లెక్కల్లో కనిపిస్తుంది.

ఇక్కడ ఆ పరిశోధకులే చెప్పిన మరో ఫలితాన్ని దాచడం న్యాయం కాదు. సంస్కరణ తర్వాత కంపెనీలు కొత్తవాళ్లను తెచ్చుకోవడం తగ్గింది, కొత్తగా వచ్చేవాళ్లకు ఇచ్చే జీతాలు కూడా తగ్గాయి. అంటే లోపల ఉన్నవాడికి దొరికిన లాభంలో కొంత భారం ఊళ్లో పాస్‌పోర్టు పట్టుకుని ఎదురుచూస్తున్నవాడి మీద పడింది. నా వాదనకు ఎదురయ్యే అభ్యంతరాల్లో బలమైనది ఇదేనని ఒప్పుకుంటాను. దీనికి నా జవాబు పాక్షికమే. ఎదురుచూస్తున్నవాడు ఒకసారి వెళ్లాక అతనూ లోపలివాడే అవుతాడు. మొదటి రెండేళ్లు తగ్గిన జీతం, ఆ తర్వాతి పదేళ్లలో పెరిగే జీతంతో పోల్చుకుని చూడవలసినది. అసలు వెళ్లే అవకాశమే రానివాడికి ఈ జవాబు ఏమాత్రం ఊరట కాదు, అదీ నిజమే. టికెట్టు, వీసా ఖర్చు పెట్టి తెచ్చిన మనిషి మర్నాడే పక్క కంపెనీకి పోతే ఎలా అని యజమానులు అడుగుతారు. ఆ ఖర్చు నిజంగా యజమాని పెట్టి ఉంటే అది సబబైన ప్రశ్నే, దానికి నోటీసు కాలం, మొదటి ఒప్పందం పూర్తిచేయాలన్న షరతు లాంటి పరిష్కారాలున్నాయి. మన ఊళ్ల నుంచి వెళ్లేవాళ్ల విషయంలో ఆ డబ్బు చాలాసార్లు కార్మికుడే ఏజెంటుకు కట్టి ఉంటాడు. తన ఖర్చుతో తానే వచ్చినవాణ్ని యజమాని ఏ లెక్కన పట్టి ఉంచుతాడు?

ఇక అమెరికా. 1990 చట్టంతో వచ్చిన హెచ్-1బీ వీసాకు ఏటా 65,000, అక్కడ మాస్టర్స్ చదివినవాళ్లకు మరో 20,000 పరిమితి. దాన్ని కఫాలాతో సమానం అనడం అతిశయోక్తి. 2000 సంవత్సరపు చట్టం ప్రకారం కొత్త కంపెనీ పిటిషన్ దాఖలు చేయగానే, అనుమతి వచ్చేదాకా ఆగకుండా, అక్కడ చేరిపోవచ్చు. పాత యజమాని ఎన్ఓసీ అక్కర్లేదు. ప్రాజెక్టు లేదని బెంచి మీద కూర్చోబెట్టినా జీతం ఇవ్వాల్సిందేనని చట్టం చెబుతుంది. కొన్ని కన్సల్టెన్సీలు దాన్ని ఎలా పాటిస్తాయో తెలిసినవాళ్లకు తెలుసు, అది వేరే కథ. ఉద్యోగం పోయినవాడికి మరొకటి వెతుక్కోవడానికి 2017 నుంచి గరిష్ఠంగా 60 రోజుల గడువుంది. ఇంతవరకు బాగానే ఉంది. కట్టు బిగిసేది గ్రీన్ కార్డు దగ్గర. ఉద్యోగాల ఆధారంగా ఏటా ఇచ్చేవి సుమారు 1,40,000, అందులోనే భార్యాభర్తలూ పిల్లలూ. ఒక దేశంలో పుట్టినవాళ్లకు 7 శాతానికి మించకూడదన్నది సాధారణ నియమం. నాలుగు లక్షల జనాభా దాటని ఐస్‌లాండ్‌కూ అంతే, మనకూ అంతే. అందుకే 2025 చివర్లో కూడా ఈబీ-2 అనే కేటగిరీ వరుసలో ఉన్న భారతీయుల్లో 2013లో దరఖాస్తు వేసినవాళ్ల వంతే నడిచింది. మధ్యలో కంపెనీ మారితే, యజమాని వేసే ఐ-140 పిటిషన్ అప్పటికే ఆమోదం పొంది ఉన్నవాళ్లకు వరుసలో స్థానం నిలుస్తుంది, కానీ కొత్త కంపెనీ కాగితాల పని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఆమోదానికి ముందు మారితే ఆ స్థానమూ పోతుంది. ఉద్యోగ స్వభావం బాగా మారిపోయే ప్రమోషన్ వచ్చినప్పుడు మిత్రులకంటే ముందు లాయరుకు ఫోన్ చేసేది అందుకే. జెన్నిఫర్ హంట్, బిన్ షే అనే పరిశోధకులు అమెరికా పట్టభద్రుల సర్వే తీసుకుని చూస్తే, శాశ్వత నివాసం కోసం ఎదురుచూసేవాళ్లు ఉద్యోగాలు మారడం తక్కువ, అది చేతికొచ్చిన వెంటనే మారేవాళ్ల సంఖ్య ఒక్కసారి ఎగబాకుతుందని తేలింది. అంతకాలం వాళ్లు ఆగింది ఆ కుర్చీ మీద ప్రేమతో కాదన్నమాట. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు మన ఇళ్లలో ఎంత కలవరం రేగిందో అందరికీ తెలుసు. అది గడప దగ్గరి ఖర్చు. గడప దాటినవాళ్ల నడివయసును తినేస్తున్న ఆ వరుస గురించి అందులో పదోవంతు చర్చ కూడా జరగలేదు.

బ్రిటన్‌లో జరిగింది క్లుప్తంగా చెబుతాను. వృద్ధులను చూసుకునే కేర్ వర్కర్లకు 2022 ఫిబ్రవరిలో వీసాల తలుపు తెరిచారు. యజమాని స్పాన్సర్ లైసెన్సు రద్దయితే, ఏ తప్పూ చేయని ఆ ఉద్యోగికి మరో స్పాన్సరును వెతుక్కోవడానికి మామూలుగా ఇచ్చేది 60 రోజులు. 2025 జూలైలో విదేశాల నుంచి కొత్తవాళ్లను తీసుకోవడమే ఆపేశారు. లక్షలు పోసి వెళ్లినవాళ్లకు తమ కెరీర్ మొత్తం వేరొకరి లైసెన్సు కాగితం మీద నిలబడి ఉందని అది రద్దయినప్పుడు తెలిసింది.

సరే, స్వేచ్ఛే ముఖ్యమైతే కెనడా మాటేమిటి అని ఎవరైనా అడగవచ్చు. 2015లో మొదలైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో శాశ్వత నివాసం మీద దిగినవాడు మొదటిరోజు నుంచి ఎవరి దగ్గరైనా పనిచేయవచ్చు. అక్కడ ఇంజనీర్లు గోదాముల్లో, డాక్టర్లు టాక్సీల్లో పనిచేయడం చూస్తున్నాం కదా. ఈ అభ్యంతరం నిజాన్నే చెబుతోంది. ఏ తలుపైనా తట్టవచ్చన్న హక్కు ఏదో ఒక తలుపు తెరుచుకుంటుందన్న హామీ ఇవ్వదు. కెనడా అనుభవం లేదన్న ఒక్క మాటతో దరఖాస్తులు ఎంతగా పక్కన పడేవంటే, ఉద్యోగ ప్రకటనల్లో ఆ షరతు పెట్టకూడదని ఒంటారియో రాష్ట్రం 2024లో చట్టమే చేయాల్సి వచ్చింది. అయితే దీన్నిబట్టి నా వాదన వీగిపోదు, కాస్త విస్తరిస్తుంది. చూడవలసింది వీసా ఒక్కటే కాదు, మన విలువను నిరూపించే కాగితాల్లో మన పేరు మీద ఉన్నవెన్ని, యజమాని పేరు మీద ఉన్నవెన్ని అన్నది. నర్సునే తీసుకుందాం. జర్మనీలో గుర్తింపు కోసం ఆమె బీ2 స్థాయి జర్మన్ నేర్చుకోవాలి, తన డిగ్రీని అక్కడి అధికారుల చేత సరిపోల్చించుకోవాలి. ఏడాదికి పైగా పట్టే చాకిరీ, నేర్చుకునేవాళ్లకు విసుగు పుట్టిస్తుంది. ఒకసారి వచ్చాక ఆ గుర్తింపు ఆస్పత్రిది కాదు, ఆమెది. ఆ ఆస్పత్రి నచ్చకపోతే మరో ఆస్పత్రికి ఆమెతోపాటే వస్తుంది. భాషా అంతే. నైపుణ్య ఉద్యోగులకిచ్చే బ్లూ కార్డు మీద జర్మనీ వెళ్లినవాళ్లకు శాశ్వత నివాసం మామూలుగా 27 నెలలకు, బీ1 జర్మన్ వస్తే 21 నెలలకే దొరుకుతుంది. ఆఫీసులో అందరూ ఇంగ్లీషే మాట్లాడతారని భాషను పక్కన పెట్టేసేవాళ్లు ఆరు నెలల స్వేచ్ఛను వదులుకుంటున్నట్టే.

చట్టం కాగితం మీద మారితే చాలా? చాలదు. ఖతార్ 2020లో ఎన్ఓసీ నిబంధన ఎత్తేసింది, 2021 మార్చి నుంచి వెయ్యి రియాళ్ల కనీస వేతనం అమలులోకి తెచ్చింది. ఇంటిపనివాళ్లను కూడా ఈ మార్పుల్లో చేర్చింది. సౌదీ 2021 మార్చిలో తెచ్చిన మార్పుల్లో ఇంటిపనివాళ్లను, ఇళ్ల డ్రైవర్లను, తోటమాలులను వదిలేసింది. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లకు ఆ సంస్కరణ వల్ల ఒరిగింది శూన్యం. మార్పు వర్తించినచోట కూడా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం, పారిపోయాడని ఫిర్యాదు చేయడం లాంటి పాత ఆయుధాలు యజమాని చేతిలో మిగిలాయి. అంతకంటే గట్టి కట్టు ఊళ్లోనే పడుతుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉన్న ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోదగినది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అసలు ఇచ్చేది దానికి ఎన్ని రెట్లో ఊళ్లలో అందరికీ తెలుసు, రసీదు ఉండదు కాబట్టి రుజువు మాత్రం ఉండదు. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన ఆ అప్పు ఉన్నంతకాలం, ఉద్యోగం మారే హక్కు చేతిలో ఉన్నా వాడుకునే ధైర్యం ఉండదు. మారే ఆ ఒకటి రెండు నెలలు జీతం రాకపోతే వడ్డీ ఎవరు కడతారు? నిరుపేదకు ఈ ప్రశ్నలు అడిగే స్తోమత ఎక్కడిదని అనేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే: అతను అడగలేకపోతే అతని తరఫున ప్రభుత్వాలు అడగాలి. తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్ అనే ప్రభుత్వ నియామక సంస్థలు ఉన్నాయి. ఎంతమందిని పంపాం అన్న లెక్కతో పాటు, పంపినవాళ్లలో ఎంతమంది ఎంత అప్పుతో వెళ్లారు, వెళ్లాక ఎంతమంది మెరుగైన చోటికి మారగలిగారు అన్న లెక్క కూడా అవి ఏటా ప్రకటిస్తే, ఏ దేశం తలుపు ఎలాంటిదో జనానికే అర్థమవుతుంది.

ఈ వాదనకు ఇప్పుడు కొత్త పరీక్ష జపాన్‌లో జరగబోతోంది. 1993 నుంచి అక్కడ నడుస్తున్న సాంకేతిక శిక్షణ పథకంలో విదేశీ యువకులు మూడేళ్ల పాటు యజమానిని మార్చుకోవడానికి వీల్లేదు. ఫలితంగా ఏటా వేలమంది చెప్పకుండా మాయమయ్యేవారు. గల్ఫ్ ఖల్లివల్లిని జపాన్ తన పద్ధతిలో తయారుచేసుకుందన్నమాట. 2024లో ఆ పథకాన్ని రద్దుచేస్తూ కొత్త చట్టం తెచ్చారు, 2027లో అమలవుతుంది. రంగాన్ని బట్టి ఏడాది నుంచి రెండేళ్లు పనిచేసి, నిర్ణీత నైపుణ్య, భాషా పరీక్షలు నెగ్గితే, అదే రంగంలో వేరే యజమాని దగ్గరికి వెళ్లనిస్తారు. దీన్ని అక్కడి పల్లె ప్రాంతాలు వ్యతిరేకించాయి. స్వేచ్ఛ ఇస్తే అందరూ టోక్యో జీతాల కోసం వెళ్లిపోతారు, మా పొలాల్లో, మా వృద్ధాశ్రమాల్లో ఎవరు మిగులుతారని వాటి భయం. ఆ భయం అసత్యం కాదు. కానీ కట్టేసి ఉంచిన మూడు దశాబ్దాల్లో ఆ ఊళ్లు మనుషులను నిలుపుకోగలిగాయా అంటే, మాయమైనవాళ్ల లెక్కే సమాధానం. మన రాష్ట్రాల్లో జపనీస్ నేర్చుకుంటున్న నర్సింగ్ విద్యార్థులకు, ఐటీఐ కుర్రాళ్లకు ఇది పత్రికల్లో చదివి మరచిపోయే వార్త కాదు. వెళ్లబోయేది నైపుణ్య కార్మికుల వీసా మీదా, పాత శిక్షణ పథకం కిందా, కొత్త చట్టం కిందా అన్నది ఒప్పందం మీద సంతకం పెట్టేముందే తేల్చుకోవాలి. తమ రంగానికి ఆ గడువు ఏడాదా, రెండేళ్లా అన్నది శిక్షణ ఇస్తున్నవాళ్ల చేత కాగితం మీద రాయించుకోవాలి.